చెవిగారి విమానం

టైలరమ్మకు ఈర్ష్య మనిషి మీద కాదు, విమానం మీద. ఈ సంగతి తెలిస్తే నలుగురూ నవ్వుతారని ఆమే ముందుగా నవ్వుతూ చెప్పేసేది. "నాకో సవతి ఉందమ్మా. రెక్కలున్న సవతి" అనేది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు పడీపడీ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది కానీ, ఆ నవ్వు పళ్ళ దాకా వచ్చి అక్కడే ఆగిపోయేది.

ఆమె భర్త ఊరి చివరి వైమానిక స్థావరంలో మెకానిక్. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒకే విమానాన్ని కనిపెట్టుకుని ఉన్నాడు. కొత్త పైలట్లకు ఎగరడం నేర్పే రెండు సీట్ల విమానం అది. పెళ్ళైన కొత్తలో ఆమె ముచ్చటపడి, "మీ విమానాన్ని నాక్కూడా ఒకసారి చూపించండి" అని అడిగింది. "ఇంట్లోవాళ్ళని లోపలికి రానివ్వరు" అన్నాడు. అంతటితో ఆ ముచ్చట తీరిపోయింది. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే స్థావరం నుంచి కబురొచ్చేది. చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు. కూతురు పుట్టిన రోజున దాని ఇంజిన్ విప్పి పెట్టి ఉందట. ఆయన ఆసుపత్రికి వచ్చేసరికి పిల్లకు స్నానం చేయించి, బట్ట చుట్టి, పడుకోబెట్టేశారు. టైలరమ్మ అప్పుడేమీ అనలేదు. ఆ తర్వాత మాత్రం వీలు దొరికినప్పుడల్లా అంటూనే వచ్చింది.

అనడానికి ఆమెకు నోరుంది. వీధిలో ఇంకో ఇద్దరు కుట్టేవాళ్ళున్నా జనం ఈమె గుమ్మమే తొక్కేవారు. కొలతలు సరిగ్గా తీస్తుందని కొంత, కబుర్లు చెబుతుందని చాలా. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దానికి కాస్త ఎడంగా ఆయన కుర్చీ. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఆమె నోరు ఊరుకునేది కాదు. ఎవరెలా నడిచారో, ఎవరి నడుం ఎంత పెరిగిందో, అయినా పెరగలేదని ఎలా బుకాయించారో, అన్నీ నటించి మరీ చెప్పేది. ఆయన పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి ఎటో చూస్తూ కూర్చునేవాడు. మొహంలో ఒక్క గీత కదిలేది కాదు. ఆయన దగ్గర మూడే మాటలు: ఊఁ, సరే, చూద్దాం. ఈ మూడింటితో పిల్లను పెంచి, ఉద్యోగానికి పంపి, సంసారం ఈదుకొచ్చిన ఘనుడు.

వయసైపోయి విమానం నేల మీద కూర్చుంది. దాని వెనకే ఆయనా రిటైరయ్యాడు. పీడ విరగడైందనుకుంది టైలరమ్మ. కానీ స్థావరం వాళ్ళు ఊరుకోలేదు. పాత విమానాలను ఏరి, రంగులేసి, గేటు లోపలి పచ్చిక మీద వరసగా నిలబెట్టారు. నెలకో శనివారం మామూలు జనం గుర్తింపు కార్డు చూపించి లోపలికెళ్ళి చూడొచ్చన్నారు. వచ్చినవాళ్ళకు నాలుగు మాటలు చెప్పడానికి పాత మెకానిక్‌లను పిలిచారు. ఈయనకూ పిలుపొచ్చింది. ఈయన మాట్లాడటమా అని టైలరమ్మ ఫక్కున నవ్వింది. దిష్టిబొమ్మలా పక్కన నిలబడి వస్తాడులే అనుకుంది. ఆయన ఆ శనివారాలు నున్నగా గడ్డం గీసుకుని, చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్తుంటే మాత్రం కాస్త కలుక్కుమంది. కూతురి కాలేజీ ఫంక్షనుకు గళ్ళ లుంగీ మార్చమంటే మొహం చిట్లించిన మనిషి.

అసలు నిప్పు అంటించింది బడిలో చెప్పే టీచరమ్మ. ఒక సాయంత్రం లంగాకు అంచు వేయించుకోవడానికి వచ్చి, "టైలరమ్మగారూ, మొన్న పిల్లల్ని ఎయిర్‌బేస్‌కి తీసుకెళ్ళామండీ. మీవారు ఎంత బాగా మాట్లాడతారో" అంది.

మిషను ఆగింది. "ఎవరివారు?"

"మీవారేనండీ. పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారంటే నమ్మండి. తిరిగొచ్చేటప్పుడు బస్సంతా ఆయన మాటలే. ఇంట్లో మీకు కాలక్షేపానికి కరువుండదు."

"ఉండదు" అంది టైలరమ్మ. ఆ లంగా అంచు ఆ రోజు వంకరపోయింది. ఆమె చేతిలో అంచు వంకరపోవడం వీధికి కొత్త.

ఒళ్ళు భగ్గుమంది ఆమెకు. ఆయనకు మాటలు రావనుకుని ఇన్నేళ్ళూ సర్దుకుపోయింది. రానివాడి మీద కోపమేముంటుంది? ఇప్పుడు తెలిసిందేమిటి, మాటలు వచ్చు. మూటలకు మూటలున్నాయి. అన్నీ దాచి దాచి పట్టుకెళ్ళి ఆ ఇనప సవతి ముందు గుమ్మరిస్తున్నాడు. తన వంతుకు మాత్రం ఊఁ. అయితే ఇన్నేళ్ళూ తను చెప్పిందంతా ఎవరికి చెప్పినట్టు? గోడకా? ఆ ఒక్క ప్రశ్న ఆమెకు ముల్లులా గుచ్చుకుని కూర్చుంది. తన మాట ఆయన చెవిన ఏనాడైనా పడిందా లేదా, అది తేలాలి.

పుండు మీద కారంలాగా అదే వారం ఆమె మెత్తటి పాత చీర ఒకటి కనబడకుండా పోయింది. ఉతికి ఉతికి వెన్నలా అయిన లేత ఆకుపచ్చ నూలు చీర. ఇల్లంతా వెతికి, చివరికి ఆయన్నే అడిగింది.

"అద్దం తుడవడానికి" అన్నాడు ఆయన.

"ఏ అద్దం?"

"విమానంది. పైలట్ మీద మూసే అద్దపు మూత. గరుకు గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. కుట్లూ గుండీలూ ఉండకూడదు. పాత నూలైతేనే మంచిది."

పెళ్ళైన తర్వాత ఆయన ఒక్క ఊపున మాట్లాడిన మాటల్లో ఇదే పెద్దది. అది కూడా దాని గురించే. చీర అడిగితే ఇచ్చేదేమో. అడక్కుండా పట్టుకెళ్ళి దాని ఒళ్ళు తుడిచాడే అని ఆమె కళ్ళనీళ్ళ పర్యంతమైంది. ఆయన ఇంకాసేపు నిలబడి, "జనం బాగా వస్తున్నారట. ఇక నుంచి ప్రతి శనివారం రమ్మన్నారు" అన్నాడు.

"మీరేమన్నారు?"

"సరే అన్నాను."

ఆ రోజు నుంచి టైలరమ్మ ఆయనతో మాట్లాడటం మానేసింది.

వచ్చిపోయేవాళ్ళతో మామూలుగానే ఉండేది. వాళ్ళు గుమ్మం దిగగానే పెదాలు బిగించేది. గదిలో మిషను చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. లోపల మాత్రం ఆమె ఉడికిపోయేది. చెప్పాల్సినవి పేరుకుపోయి కడుపు ఉబ్బిపోయేది. అయినా పంతం పంతమే. ఆయన మొదట్లో ఏమీ పట్టనట్టే కూర్చున్నాడు. తర్వాత కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు. మర్నాడు ఇంకొంచెం. ఒక ఉదయం చమురు డబ్బా తెచ్చి, అడక్కుండానే మిషనుకు చుక్కలు వేసి, చక్రం తిప్పి చూసి, "మిషను బాగానే ఉంది" అన్నాడు.

"ఊఁ" అంది టైలరమ్మ.

"ఒంట్లో బాగాలేదా?"

"చూద్దాం" అంది. ఆయన మాటలు ఆయనకే అప్పజెప్పినందుకు కాస్త తృప్తి కలిగింది. ఆయన మాత్రం చమురు డబ్బా పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. చూశావా, మాటకు మాట అంటించినా చలనం లేదు అనుకుంది ఆమె.

శనివారం ఆయన వెళ్ళేదాకా ఆగి, తలుపుకు తాళం వేసి, ఆమె కూడా బయల్దేరింది. సవతిని కళ్ళారా చూడాలి. అంతకన్నా ముఖ్యంగా, దాని పక్కన ఆయన ఎలా ఉంటాడో చూడాలి. దాని దగ్గర కులాసాగా, తన దగ్గర రాయిలా ఉంటాడని తేలితే కూతురి దగ్గరికి వెళ్ళిపోయి కొన్నాళ్ళు అక్కడే మిషను పెట్టుకోవాలని బస్సులో నిశ్చయించుకుంది.

గేటు దగ్గర పొడుగాటి వరస. చంకలో పిల్లలతో, చేతిలో నీళ్ళ సీసాలతో జనం. ఆమె వంతు వచ్చింది. కాపలా అతను సంచి తెరిచి చూసి తల పట్టుకున్నాడు.

"ఏంటమ్మా ఇది, కత్తెర?"

"కుట్టేదాన్ని బాబూ. కత్తెర లేకుండా సంచి ఉండదు."

"లోపలికి తీసుకెళ్ళకూడదమ్మా. ఇక్కడ పెట్టి, వెళ్ళేటప్పుడు తీసుకోండి. మెడలో అదేంటి?"

మెడలో కొలత టేపు. పొద్దున్నే వేసుకున్నది తియ్యడం మర్చిపోయింది. అతను నవ్వి, దాన్ని వదిలేశాడు. "లోపల మీవాళ్ళెవరైనా పనిచేస్తారా? ఎవరి తాలూకు?"

టైలరమ్మ గడ్డం పైకెత్తి, "ఎవరి తాలూకూ కాను. పబ్లిక్‌ని" అంది.

"అయితే అటు వెళ్ళండి. ముందు చెవిగారి విమానం చూడండి. అక్కడే జనం ఎక్కువ."

"చెవిగారెవరు?"

"పాత మెకానిక్ అమ్మా. ఇంజిన్లో వెంట్రుకంత తేడా ఉన్నా విని పట్టేసేవారట. ఇక్కడందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఆ రెండు సీట్ల విమానం ఆయనదే."

రెండు సీట్ల విమానం అనగానే ఆమెకు అర్థమైంది. చెవిగారట. ఇంట్లో పక్కనే కూర్చుని ఏమన్నా వినపడని మనిషికి ఇక్కడ ముద్దుపేరు చెవి. ఆ పేరు ఇన్నేళ్ళుగా ఇక్కడ అందరి నోళ్ళలో నలుగుతుంటే, తాళి కట్టించుకున్న తన దాకా రాలేదు. గేటు కాపలావాడికి తెలిసింది కూడా తనకు తెలియదు. ఆమె పచ్చిక మీద పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ నడిచింది.

తీరా చూస్తే సవతి చిన్నది. ఏదో ఆకాశమంత అందగత్తె అనుకుంటే పొట్టి ముక్కు, బొద్దు పొట్ట, రెక్కల మీద అతుకులు. కొత్త రంగు కింద నుంచి పాత సొట్టలు తెలుస్తూనే ఉన్నాయి. దీని కోసమా అనుకుంది. అందమైనదైతే బాగుండేది, ఓడిపోయినా ఒక మర్యాద. పక్కన ఎత్తు బల్ల మీద ఆమె ఆకుపచ్చ చీర ముక్క చక్కగా మడతపెట్టి ఉంది. ఇంట్లో తువ్వాలు ఏనాడూ మడవని చేతులు మడిచిన మడత అది.

ఆయన జనం మధ్య నిలబడి ఉన్నాడు. ఆమె ఒక లావుపాటి మనిషి వెనక్కి తప్పుకుంది. ఆయన విమానం ముక్కు మీద చెయ్యేసి మాట్లాడుతున్నాడు. ఆ గొంతు అంత గట్టిగా ఉంటుందని కూడా ఆమెకు తెలియదు.

"ఈవిడకి పొద్దున్నే లేవడం సుతరామూ ఇష్టం ఉండదండి. చలికాలమైతే మరీను. ఒకసారి లేపితే పలకదు. రెండోసారి లేపితే విసుక్కుంటుంది. మూడోసారి లేచిందంటే ఇక వీధి వీధంతా లేవాల్సిందే."

జనం గొల్లున నవ్వారు. టైలరమ్మ నవ్వలేదు. ఆ మాటలు ఎక్కడో విన్నట్టుంది. ఎక్కడో ఏమిటి, తన నోటే. కూతుర్ని బడికి లేపే రోజుల్లో రోజూ మిషను ముందు కూర్చుని చేతులు తిప్పుతూ ఆయనకు చెప్పిన మాటలు. అక్షరం పొల్లుపోలేదు.

"ఎంత పోసినా చాలదండి ఈవిడకి. కడుపునిండా తాగి బయల్దేరుతుంది, అరగంటకే గొంతెండిపోయిందని గోల. ఇంత తాగీ ఒంటికేమన్నా పడుతుందా అంటే, అదీ లేదు."

ఇది తోడికోడలి గురించి. తోడికోడలు వచ్చి వెళ్ళిన ప్రతిసారీ కాఫీ గ్లాసులు కడుగుతూ తను అన్న మాట. అప్పుడు ఈయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. కనుబొమ్మ కూడా లేవలేదు. ఇక్కడ ఇంతమంది పగలబడి నవ్వుతుంటే తనే పుట్టించినట్టు మురిసిపోతున్నాడు.

ఇప్పుడు ఆమె కడుపు రెండింతలు రగిలింది. చీర పోతే పోయింది, పాతది. మాటలు కొత్తవి, సొంతవి, ఒక్కొక్కటీ తను కూర్చుని నోట్లో నలిపి నలిపి పదును పెట్టుకున్నవి. వాటిని కూడా ఎత్తుకొచ్చి దీనికి తొడిగాడు. వచ్చినవాళ్ళు ఈ బొద్దు పొట్టదాన్ని చూసి ఎంత చలాకీదో అనుకుంటున్నారు. అదంతా తన చలాకీతనం. అది అక్కడ ఊరికే నిలబడి తన పేరు కొట్టేస్తోంది.

ఆయన అద్దపు మూత కింది సీటు చూపించాడు. "లోపల చాలా ఇరుకండి. ఇందులో దూరాలంటే పైలట్ ఊపిరి ఇంట్లో పెట్టి రావాలి." అని ఆగిపోయాడు.

కొంతమంది నవ్వారు, కొంతమంది ఊరుకున్నారు. టైలరమ్మకు ప్రాణం విలవిల్లాడింది. ఆ మాట అక్కడ ఆపకూడదు. ప్యాంటు బిగుతుగా కుట్టమని పట్టుబట్టిన హెడ్‌మాస్టరు గురించి తను అల్లిన మాట అది. దాని ఉసురంతా తోకలో ఉంది. తోక తెంపి చెబితే మాట చచ్చిపోతుంది. ఎత్తుకుపోతే పోయాడు, ఖూనీ చేస్తుంటే చూస్తూ ఎలా ఊరుకోవడం?

"అలా కాదు" అంది గట్టిగా. జనం పక్కకు తప్పుకున్నారు. "ఊపిరి ఇంట్లో పెట్టి రావాలి. పెట్టి వచ్చేటప్పుడు ఇంట్లోవాళ్ళకి చెప్పి రావాలి, జాగ్రత్త, సాయంత్రం దాకా ఎవరికీ వాడుకోవడానికి ఇవ్వకండి, వచ్చాక నాకే కావాలి అని."

చివర్లో హెడ్‌మాస్టరు ఊపిరి బిగబట్టి నడిచినట్టు రెండడుగులు నడిచి కూడా చూపించింది. లావుపాటి మనిషి బల్ల పట్టుకుని మరీ నవ్వాడు. పిల్లలు ఆమె నడక నడవడం మొదలుపెట్టారు. అందరూ నవ్వారు, ఒక్క ఆయన తప్ప.

ఆయన ఆమెను చూస్తూ బిగుసుకుపోయి నిలబడ్డాడు. అదే మొహం. కిటికీ పక్క కుర్చీలో రోజూ ఉండే రాతి మొహం. తేలిపోయింది అనుకుంది ఆమె. ఊళ్ళోవాళ్ళతో కులాసా, నన్ను చూడగానే రాయి.

"ఏంటి, ఆయన అలా అయిపోయారు?" అంది ఒకావిడ.

పక్క విమానం దగ్గర నిలబడ్డ ముసలి మెకానిక్ ఇటు చూసి నవ్వాడు. "కంగారు పడకండమ్మా. చెవిగారు వింటున్నాడు. వినేటప్పుడు అంతే."

"ఏం వింటున్నారు?"

"అదో అలవాటమ్మా మా పనిలో. ఇంజిన్ ఆపేశాక వెంటనే ఆగదు. లోపల తిరుగుతూ తిరుగుతూ, నెమ్మదించి, ఎప్పటికో ఆగుతుంది. జబ్బేదన్నా ఉంటే ఆ చివరి తిరుగుడులోనే బయటపడుతుంది. అందుకని అది పూర్తిగా ఆగేదాకా ఎవరం కదలం. దగ్గకూడదు, నవ్వకూడదు, బూటు చప్పుడు కూడా రానివ్వకూడదు. ఓసారి మధ్యలో ఎవడో నవ్వాడని ఈయన వాణ్ణి షెడ్డు బయటికి పంపేశాడు. మేమంతా చెవులతో వింటే ఈయన ఒళ్ళంతా చెవి చేసుకుని వినేవాడు. అప్పుడు చూస్తే అచ్చం ఇలాగే, రాయి."

టైలరమ్మ మెడలోని టేపు చివర పట్టుకుని వేలికి చుట్టుకుంటూ నిలబడిపోయింది. ఏదో ఒక రోజు కాదు, అన్ని రోజులూ ఆ మొహం గుర్తొచ్చింది. తోడికోడలి కబుర్లప్పుడు, హెడ్‌మాస్టరు కబుర్లప్పుడు, పిల్లను తిట్టినప్పుడు, తనలో తను గొణుక్కున్నప్పుడు కూడా.

ఆయన గొంతు సవరించుకుని, జనం వైపు తిరిగి, "మా ఆవిడండి" అన్నాడు. "ఇందాకటి నుంచి నేను చెప్పినవన్నీ ఆవిడ మాటలే. నాకు సొంతంగా మాట్లాడటం రాదు."

జనం అంతా ఒక్కసారిగా ఆమె వైపు తిరిగారు. సవతి మీద ఒక్క చూపు కూడా మిగల్లేదు. టైలరమ్మకు సిగ్గేసింది. కానీ ఆ సిగ్గు అడుగున ఒక చిన్న గర్వం కూడా కదిలింది. ఆ విమానానికి కళ్ళుంటే ఇదంతా చూడాలని కూడా అనిపించింది.

ఇంతటితో ఆమె కోపం చల్లారిపోయిందనుకుంటే పొరపాటు. గేటు దగ్గర కత్తెర తీసుకుని, ఇద్దరూ బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆయన్ని కడిగి పారేసింది.

"నా మాటలు పట్టుకెళ్ళి దానికి పెడతారా?"

"నాకు వేరే మాటలు లేవు."

"సరే, లేవు. ఇంట్లో నేను చెప్పినప్పుడు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నవ్వితే మీ సొమ్మేం పోయింది?"

ఆయన చాలాసేపు రోడ్డు వైపు చూశాడు. ఇంతకుముందైతే ఆమె ఈపాటికి తన ప్రశ్నకు తనే జవాబు చెప్పేసుకుని ఇంకో ప్రశ్నలో పడేది. ఈసారి నోరు మూసుకుని ఆగింది. ఆగడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడు తెలిసింది.

"నేను నవ్వితే నువ్వూ నవ్వుతావు" అన్నాడు చివరికి. "నవ్వితే మాట తెగిపోతుంది. మిగతాది పోతుంది. నాలుగు రోజుల నుంచి నువ్వు మాట్లాడట్లేదు. ఇవాళ కొత్తది ఒక్కటీ లేదు నా దగ్గర."

"అంటే నేను మాట్లాడకపోతే మీకు బాధ శనివారం కోసమన్నమాట."

"శనివారం ఒక్కరోజే" అన్నాడు ఆయన. "ఇంట్లో మిగతా రోజులన్నీ ఉన్నాయి."

బస్సెక్కారు. ఆమె కిటికీ వైపు కూర్చుంది. ఆయన ఆమె వైపే చూస్తూ కూర్చున్నాడు, ఏదైనా మొదలుపెడుతుందేమోనని.

రెండు రోజుల తర్వాత ఒక గుమాస్తా వచ్చి ప్యాంటుకు లోపల దొంగజేబు కుట్టమన్నాడు. మా ఆవిడకు తెలియకూడదు సుమా అని గుసగుసగా చెప్పి వెళ్ళాడు. అతను సందు మలుపు తిరిగాడో లేదో, అతని భార్య వచ్చి, మావారి ప్యాంట్లలో దొంగజేబులేమైనా ఉన్నాయేమో కాస్త వెతికిపెట్టమని నాలుగు ప్యాంట్లు ఒళ్ళో పడేసింది. ఇలాంటిది దొరికితే టైలరమ్మ ఎలా ఊరుకుంటుంది? ఆవిడ గుమ్మం దిగగానే ఆయన వైపు తిరిగి మొదలుపెట్టింది. గుమాస్తా గుసగుస, ఆవిడ గదమాయింపు, మధ్యలో తను మింగలేక కక్కలేక పడ్డ అవస్థ, అన్నీ నటించి చూపించింది. ఆయన పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. మొహం రాయి.

"ఇది శనివారం దానికి చెబుతారా?" అంది మధ్యలో ఆగి.

"చెబుతాను" అన్నాడు ఆయన.

కనీసం అబద్ధమైనా ఆడొచ్చుగా అనుకుంది ఆమె. ఈర్ష్య మళ్ళీ చురుక్కుమంది. అయినా కథ సగంలో వదిలే మనిషి కాదు కాబట్టి చివరిదాకా చెప్పేసింది. చెప్పేసి, కత్తిరించాల్సిన గుడ్డ కోసం అటు తిరిగింది.

"తర్వాత?" అన్నాడు ఆయన.

ఆమె చెయ్యి గుడ్డ మీదే ఆగింది. ఆయన దగ్గర మూడే మాటలున్నాయి. ఇది వాటిలో లేదు. తర్వాత నిజానికేమీ కాలేదు. గుమాస్తా భార్య ఇంటికి వెళ్ళిపోయింది, కథ అక్కడితో సరి. టైలరమ్మ కుర్చీ ఆయన వైపుకు జరుపుకుని, "తర్వాత అసలు సంగతి వినండి" అని, లేని ముక్క ఒకటి మొదలుపెట్టింది.